మెదడు విద్యకు గణితము

మోతీనగరు వీథులలో నడచువారి కన్నులకు మొదట తగులునవి జూనియరు కళాశాలల ప్రకటన ఫలకములు. ఎం.పి.సి. ర్యాంకులవారి ముఖములొక వరుస, బై.పి.సి. ర్యాంకులవారి ముఖములొక వరుస. అచ్చటికి చేరువనే, ఎర్రగడ్డలో, ప్రభుత్వ మానసిక చికిత్సాలయము గలదు. దూరపు జిల్లాలనుండి రోగులును, వారిని చేయిపట్టుకొని తెచ్చిన తల్లులును, అన్నదమ్ములును అచ్చట వేచియుందురు. ఆ ఫలకములకును ఈ నిరీక్షణమునకును సంబంధమేమని పాఠకులడుగవచ్చును. పదునైదు పదునారేండ్ల ప్రాయమున మన పిల్లలను రెండు వరుసలుగా చీల్చుటవలన, మెదడును గూర్చిన నూతన శాస్త్రమునకు కావలసిన విద్యార్థి మనకు అరుదైపోవుచున్నాడు.

ఆ శాస్త్రమును గణనాత్మక నాడీశాస్త్రమందురు. నాడీకణముల వ్యాపారమును సమీకరణములుగా వ్రాసి, కంప్యూటరుపై నడిపించి, ప్రయోగశాలలో కనబడినదానితో పోల్చిచూచుట దీని పద్ధతి. నాడీకణము చిల్లికుండవంటిది. ఇతర కణములవలన వచ్చు విద్యుత్తు అందు చేరుచుండును, కొంత కారిపోవుచుండును. చేరినది కారినదానిని మించి అంచునకు వచ్చినచో, కణము తటాలున సంకేతము నంపి మరల మొదటి స్థితికి వచ్చును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాపిక్ 1907లోనే ఈ కారుడు పాత్రకు లెక్కగట్టెను. 1952లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ అను సముద్రజీవి నాడీతంతువును పరీక్షించి, సంకేతము పుట్టు విధమును నాలుగు అవకలన సమీకరణములలో బంధించిరి. హక్స్‌లీ ఆ లెక్కలను చేతితో త్రిప్పు యంత్రముపై దినములతరబడి చేసెను. 1963లో వారికి నోబెల్ బహుమానము లభించెను. అదే లెక్కను నేడు వరంగల్లులోనో కర్నూలులోనో యున్న డిగ్రీ విద్యార్థి, ఉచితముగా దొరకు పైథాన్ భాషతో, సామాన్యమైన లాప్‌టాపుపై రెప్పపాటులో చేయవచ్చును. కావున యంత్రములు లేవనుట, ధనము లేదనుట సాకులే. లేనిది పాఠ్యక్రమము, దానిని చెప్పగల ఉపాధ్యాయుడు.

మన ఇంజనీరింగు విద్యార్థి సమీకరణమును సాధించును. అది ఏ జీవవ్యాపారమునకు వర్తించునో సామాన్యముగా నెరుగడు. వైద్యవిద్యార్థి మెదడులోని భాగముల పేర్లన్నియు అప్పగించును. గణితమునకు పదవ తరగతితోనే నమస్కరించి వచ్చినవాడు. పిత్రార్జితము పంచుకొని మాటలాడుట మానిన అన్నదమ్ములవలె నున్నారు. ఆ పంపకము చేసిన పెద్దలము మనమే.

ఇచ్చట ఏమియు జరుగలేదనుట అన్యాయము. 1998లో గచ్చిబౌలిలో నెలకొనిన ట్రిపుల్ ఐటీలో జ్ఞానశాస్త్ర పరిశోధనశాల గలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున నాడీశాస్త్ర జ్ఞానశాస్త్రములకు ప్రత్యేక కేంద్రము గలదు. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య వి. శ్రీనివాస చక్రవర్తి పార్కిన్సన్ వ్యాధిలో చెడు మెదడు భాగములకు గణిత నమూనాలు నిర్మించిరి. విజ్ఞానమును తెలుగుననూ వ్రాసిరి. అన్నిటికంటె మాకు ముఖ్యముగా తోచునది వేరొకటి. 2019లో ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తిరువనంతపురమందలి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థతో కలసి, నూరుగురు భారతీయుల ఎం.ఆర్.ఐ. చిత్రములనుండి భారతీయ మెదడు పటమును సిద్ధపరచిరి. అంతకుముందు సామాన్యముగా ఆధారమైనది మాంట్రియలులో పాశ్చాత్యుల మెదడులనుండి చేసిన పటము. సరాసరిని మన మెదడు పొడవున, వెడల్పున, పరిమాణమున దానికంటె కొంత చిన్నదని తేలినది. (పరిమాణమునకు తెలివిని ముడిపెట్టి పాఠకులు దిగులుపడ నక్కరలేదు.) పరాయి కొలబద్దతో కొలిచినచో ఆరోగ్యవంతుని మెదడే క్షీణించినట్లు కనబడవచ్చును. మన కొలబద్దను సిద్ధపరచు పని ఇతరులకు పట్టదు. దానిని చేయగల యువకులను, యువతులను మనమే తయారుచేసికొనవలెను.

శిక్షణ విధానమును క్రొత్తగా కనిపెట్ట నక్కరలేదు. అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్రజీవ ప్రయోగశాల 1988లోనే ఇట్టి వేసవి పాఠములను ప్రారంభించినది. 2020లో మహమ్మారివలన తలుపులన్నియు మూతపడినప్పుడు, న్యూరోమ్యాచ్ అకాడమీ అనేక దేశముల విద్యార్థులను అంతర్జాలముపై చిన్న జట్లుగా కూర్చి, జట్టుకొక సహాయకుని నియమించి బోధించినది. ఆ పాఠములు నేటికిని ఉచితముగా లభించును.

మా సూచన యిది. జె.ఎన్.టి.యు. కళాశాల స్టేషనునుండి ఎర్రగడ్డ అదే మెట్రో మార్గమున ఆరవ స్టేషను. ఎర్రగడ్డ ఆస్పత్రియో, ఉస్మానియా వైద్యకళాశాలకు అనుబంధమైనది. ఇంజనీరింగు విద్యార్థి యొకరు, వైద్యవిద్యార్థి యొకరు జతగా ఒక సెమిస్టరు చదువు పాఠమును ఈ రెండు విద్యాస్థానములు కలసి పెట్టవలెను. మార్కులు ఇద్దరికి ఉమ్మడిగా నిచ్చినచో, లెక్క యొకరు, రోగలక్షణ మొకరు పరస్పరము నేర్పుకొనక తప్పదు. రోగుల వివరములను మాత్రము వారి సమ్మతి లేక, పేర్లు తొలగింపక ఎవ్వరును తాకరాదు. దీనులని వారిని పరీక్షావస్తువులుగా చేయు హక్కు విద్యకును లేదు. ఈ నిబంధనను మొదటి దినముననే, సమీకరణములకు ముందుగా బోధింపవలెను. వచ్చు విద్యాసంవత్సరమున ముప్పదిమందితో మొదలిడినను మేము సంతోషింతుము.