ముద్దు చేస్తే మాట వింటుందా?

ఆల్సేషియన్ ఉన్న ఇంటికి వెళ్తే, కట్టేశారా లేదా అని అడిగి మరీ గేటు తీస్తాం. అదే పమేరియన్ అయితే, అది మన చీర కుచ్చిళ్ళు పట్టుకు లాగుతున్నా ఇంటావిడ నవ్వుతూ "ఏమీ చెయ్యదండీ, ఆడుకుంటోంది" అంటుంది. మొహమాటానికి మనమూ నవ్వేస్తాం. చిన్న కుక్కకి ట్రైనింగ్ ఎందుకులే అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. నాకు ఆ మాట మీదే అభ్యంతరం.

మా చిట్టి మూడు కిలోల పమేరియన్. అలాంటిది కరిస్తే పెద్ద గాయం కాకపోవచ్చు. కానీ ఎవరిని కరుస్తుంది? గిన్నెలు తోమడానికి వచ్చే అమ్మాయినో, కొరియర్ కుర్రాడినో, పక్కింటి పసివాడినో. పనమ్మాయి "భయమేస్తోందమ్మా" అని ఒకసారి చెబుతుంది. రెండోసారి చెప్పదు, పని పోతుందని. గాటు చిన్నదైనా, చర్మం తెగితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకాల కోసం ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఆ రోజు ఆమె కూలి ఎవరిస్తారు? అందుకే ట్రైనింగంటే కుక్కతో షేక్‌హ్యాండ్ ఇప్పించే సరదా కాదు, మన గడప తొక్కేవాళ్ళకి మనమిచ్చే మర్యాద.

అసలు చిన్న కుక్క ఎందుకంత అరుస్తుంది? చాలాసార్లు భయంతోనే. దాని కళ్ళకి మనుషులంతా తాటిచెట్లలా కనిపిస్తారు. అది అరిచిన ప్రతిసారీ మనం చంకనెత్తుకుంటాం. అరిస్తే ఎత్తుకుంటారని అది నేర్చుకుంటుంది. అంటే తెలియకుండానే ట్రైనింగ్ ఇచ్చేస్తున్నాం, కాకపోతే తలకిందులుగా! పిల్ల మూడు నెలల లోపు ఉన్నప్పుడే కొత్త మనుషుల్నీ, కుక్కర్ కూతనీ, బెల్ మోతనీ మెల్లగా అలవాటు చేస్తే సగం పని అయినట్టే.

ఇక ట్రైనర్ సంగతి. బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ ట్రైనరే కాబట్టి పరీక్ష మనమే పెట్టాలి. "మాట వినకపోతే ఏం చేస్తారు?" అని మొదటే అడగండి. "రెండు తగిలిస్తే దారికొస్తుందమ్మా" అంటే దండం పెట్టి పంపించెయ్యండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కుక్కని కొట్టి బాధపెట్టడం నేరం కూడా. మెడకి బిగుసుకునే గొలుసు వేస్తానన్నా వద్దనండి. పమేరియన్ లాంటి చిన్న జాతుల శ్వాసనాళం సున్నితంగా ఉంటుంది, లాగితే దెబ్బతింటుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ నయం. బహుమతిగా శెనగగింజంత చికెన్ ముక్క చాలు, ఆ మేరకు రాత్రి తిండి తగ్గించాలి. ఈ లెక్క తానే చెప్పే ట్రైనర్ అయితే చిన్న కుక్కల సంగతి తెలిసినవాడే. ఎన్నడూ లేనిది కుక్క ఉన్నట్టుండి కరవబోతే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించమనాలి. పన్ను నొప్పో, మోకాలి నొప్పో కావచ్చు.

"నెల రోజులు మా దగ్గర వదిలెయ్యండి, నేర్పి పంపిస్తాం" అనేవాళ్ళు నాకు నచ్చరు. అక్కడ ఆయన మాట వింటుంది, సరే. ఇంటికొచ్చాక? నేను "కూర్చో" అంటే, పిల్లలు "సిట్" అంటారు. వాళ్ళ నాన్నగారు సోఫా ఎక్కించుకుంటారు. అత్తయ్యగారు బల్లకింద ఇడ్లీముక్క జారవిడుస్తారు. అది మాత్రం ఎవరి మాట వినాలి, పాపం? చివరికి అది తడిపిన చాప ఉతికేదీ, పక్కింటివాళ్ళకి సర్దిచెప్పేదీ మనమే.

అందుకే ట్రైనర్‌ని అందరూ ఇంట్లో ఉండే ఆదివారమే రమ్మనండి. ఆయన కుక్కకి నేర్పేది పావువంతు, మనింటిల్లిపాదికీ నేర్పేది ముప్పావువంతు ఉండాలి. ఆయన ఎదుట కుక్క ఎన్ని విద్యలు చేసిందని కాదు, ఆయన వెళ్ళిపోయాక పనమ్మాయి బెదురు లేకుండా లోపలికి రాగలుగుతోందా అని చూడండి. ఇచ్చిన ఫీజుకి అదే లెక్క.