ఖాళీ ఇంటి లెక్క

నెలాఖరు రోజుల్లో బెంగళూరులో ఏ వీధి చూసినా సామాన్ల టెంపోలే. పొద్దున ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తుంది. మూడో రోజుకల్లా ఇంకో కుటుంబం వచ్చి పాలు పొంగిస్తుంది. ఈ మధ్య రోజుల్లో ఆ ఇంట్లో చాలా పని జరుగుతుంది. మేకుల గుంతలు పూడ్చాలి, కారే కొళాయి బాగు చేయాలి, స్విచ్చులు చూడాలి, రంగులు వేయాలి, బాత్రూములు తోమాలి, తాళం మార్చాలి. ఎవరు చేశారు, ఏ రోజు చేశారు, ఎంత కూలి ఇచ్చారు అని అడిగితే మాత్రం చాలా చోట్ల కాగితం మీద జవాబు దొరకదు. ఇది చిన్న లోపంగా కనిపిస్తుంది. కానీ ఇది న్యాయానికి సంబంధించిన విషయమని మేము నమ్ముతున్నాం.

మా మధ్య జరిగిన సంగతే చెబుతాం. మా సహవాసంలోని ఒక తమ్ముడు కిందటేడు ఫ్లాటు ఖాళీ చేశాడు. అడ్వాన్సులోంచి పెయింటింగుకని ఒక నెల అద్దె, క్లీనింగుకని 4,500 రూపాయలు పట్టుకున్నారు. బిల్లు అడిగితే "ఇక్కడ ఇదే పద్ధతి" అన్నారు. కొన్ని వారాల తరువాత ఆరాధన అయ్యాక టీ తాగుతూ అతను ఈ మాట చెబుతుంటే, పక్కన కూర్చున్న అక్క "ఏ అపార్ట్‌మెంటు, తమ్ముడూ?" అని అడిగింది. ఆ ఫ్లాటు కడిగింది ఆమే. ఇద్దరు ఆడవాళ్లు పొద్దున తొమ్మిది నుంచి చీకటి పడేదాకా చేస్తే మనిషికి 600 చేతిలో పెట్టారు. మర్నాడు పెయింటర్లు వచ్చి నేలంతా రంగు చుక్కలు చేసి పోతే, మళ్లీ పిలిచి కడిగించారు. ఆ రెండో రోజుకు పైసా ఇవ్వలేదు. కోత పడినవాడు, కూలి అందనిది ఒకే బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో మిగిలిన డబ్బు ఎటు పోయిందో ఇద్దరికీ తెలియదు.

ఆ పనులు చూసిన సూపర్‌వైజరు ఒక్కడి మీద నింద వేసి ఊరుకోలేం. అలాంటి ఉద్యోగాల్లో మన కుర్రాళ్లూ ఉన్నారు. నెలాఖరున పది పన్నెండు ఫ్లాట్ల పని తలలో పెట్టుకుని, ఫోన్లో వాయిస్ మెసేజీలతో నడిపించాలి. వరుస తప్పుతుంది. రంగులకు ముందే కడిగిస్తారు, రంగులు వేశాక గోడ పగలగొట్టి పైపు మారుస్తారు. అలా తప్పిన వరుసకు ఖరీదు కట్టేది గట్టిగా అడగలేని మనిషే.

చట్టం ఏమంటోంది? కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్టు ప్రకారం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు యజమాని బాధ్యత. కొళాయి వాషర్లు, స్విచ్చులు, కాలువ శుభ్రం, పగిలిన కిటికీ అద్దాలు అద్దెదారు బాధ్యత. అయితే ఇది నమూనా చట్టం మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. తమిళనాడులో 2017 నాటి సొంత చట్టం ఉంది. బెంగళూరులో మాత్రం పది నెలల అడ్వాన్సు అడగడం, పోయేటప్పుడు ఒక నెల అద్దె రంగులకని పట్టుకోవడం చాలాకాలంగా వింటున్న ఆనవాయితీ.

యజమానుల వైపూ న్యాయం ఉంది. కరెంటు బిల్లు కట్టకుండా, తలుపులు విరగ్గొట్టి వెళ్లే అద్దెదారులున్నారు. అద్దె మీదే బతికే ముసలివాళ్లున్నారు. రాసిన లెక్క వాళ్లనూ కాపాడుతుంది.

లేవీయకాండము 14వ అధ్యాయంలో గోడలకు మచ్చ పడిన ఇంటి సంగతి ఉంది. యాజకుడు వెళ్లకముందే ఇల్లు ఖాళీ చేయించాలి. తరువాత చూడాలి, ఏడు రోజులు మూసి ఉంచాలి, మళ్లీ వచ్చి చూడాలి, చెడిన రాళ్లు తీసి గోడలు గీకించి కొత్తగా పూయించాలి. తొందరపడి తీర్పు చెప్పడం అందులో లేదు. కూలివాని కూలి మరునాటికి నిలిపి ఉంచకూడదన్న ఆజ్ఞ కూడా అదే గ్రంథంలో ఉంది.

అందుకే ఒక్క పేజీ చాలంటున్నాం. పని, చేసేవారి పేరు, తేదీ, ఇచ్చిన కూలి, ఖర్చు ఎవరిది: ఈ ఐదు గడులు. వరుస కూడా అందులోనే ఉండాలి. ముందు అద్దెదారు ఉండగానే గదిగదీ తిరిగి ఫోటోలు, మీటరు రీడింగు, తాళంచెవుల లెక్క. తరువాత పైపులు, కరెంటు. ఆ తరువాత రంగులు. అన్నిటికన్నా చివర క్లీనింగు. అదే పేజీ అద్దెదారుకూ, యజమానికీ, పనిచేసినవారికీ కనబడాలి. నోటుపుస్తకంలో రాసినా, ఫోన్లో షీటు పెట్టినా ఒకటే.

ఆ పేజీలో ఇంకో గడి కూడా కావాలి: చేతికి ఏమిచ్చారు? గ్లవ్స్ లేకుండా యాసిడ్‌తో బాత్రూములు కడిగించడం మామూలైపోయింది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుందని వాళ్లకు చెప్పేవారే లేరు. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టి 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ కార్మికులు మనకు పరాయివాళ్లు కాదు. మన ఇళ్లవాళ్లే.

యువతకు మా మాట ఇది. ఈ నెలాఖరున మీలో ఎవరైనా ఇల్లు మారితే, తాళంచెవి ఇచ్చే ముందు ఆ పేజీ అడగండి. లేకపోతే మీరే రాసి ఇవ్వండి. మీరే సూపర్‌వైజరైతే రేపే మొదలుపెట్టండి. క్లీనింగుకని మీ దగ్గర కోసిన డబ్బు కడిగిన మనిషికి చేరిందా అని ఒక్క మాట అడగండి. మా తమ్ముడు ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే అక్క రెండో రోజు కూలి ఆమెకు అందేదేమో.