ఆ నీరసాన్ని ఉపేక్షించరాదు

క్యాన్సర్ రోగి నీరసంగా ఉన్నాడంటే ఎవరూ ఆశ్చర్యపడరు. జబ్బు అటువంటిది, మందులు అటువంటివి అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. కాని ఇమ్యునోథెరపీ పొందుతున్న వారి విషయంలో ఆ సరిపెట్టుకోవడమే ప్రాణాంతకం కావచ్చును.

మన రక్తంలోని టి-కణాలు దేహానికి రక్షక భటులు. వాటి విజృంభణ హద్దు మీరకుండా ప్రకృతి వాటికి కళ్ళెం వేసి ఉంచింది. క్యాన్సర్ కణాలు ఆ కళ్ళేన్నే ఆసరా చేసుకుని తప్పించుకుంటాయి. దానిని సడలించే మార్గం చూపిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసన్, జపాన్ శాస్త్రజ్ఞుడు తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమానం లభించింది. ఈ కోవలో మొదటి ఔషధమైన ఇపిలిముమాబ్‌ను అమెరికా ప్రభుత్వం 2011లో అనుమతించింది.

అయితే కళ్ళెం సడలిన గుర్రం సొంత పొలాన్ని కూడా తొక్కవచ్చును. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి అలా దెబ్బతినే అవయవాలలో ఒకటి. థైరాయిడ్, అధివృక్క, బీజ గ్రంథులు దీని ఆజ్ఞకు లోబడి పనిచేస్తాయి. ఇపిలిముమాబ్ వాడేవారిలో సాధారణంగా రెండు మూడు నెలలకు ఈ గ్రంథికి వాపు కనిపిస్తుంది. నివొలుమాబ్ వంటి మందును ఒక్కదానినే ఇచ్చినప్పుడు ఇది అరుదు. రెండింటినీ కలిపి ఇస్తే ఎక్కువ.

తలనొప్పి, అంతులేని నీరసం, అరుచి, వాంతులు, లేచి నిలబడితే కళ్ళు తిరగడం దీని లక్షణాలు. అన్నిటికంటె ప్రమాదకరమైనది కార్టిసాల్ లోపం. ఆ హార్మోను కొరవడితే రక్తపోటు పడిపోతుంది. రక్తంలో సోడియం తగ్గుతుంది. చిన్న జ్వరం సైతం మనిషిని కూలదోయగలదు.

గుర్తించడానికి ఉదయంపూట చేసే కార్టిసాల్ రక్తపరీక్ష ఎంతో తోడ్పడుతుంది. థైరాయిడ్ విషయంలో టి.ఎస్.హెచ్. పరీక్ష ఒక్కటే చాలదు. ఆ హార్మోనును స్రవించేది పీయూష గ్రంథియే కనుక, అది దెబ్బతిన్నప్పుడు ఆ అంకె సవ్యంగానే కనిపించి మోసగించవచ్చును. థైరాక్సిన్ కూడా తక్కువైతే, ముందుగా హైడ్రోకార్టిసోన్ ఇచ్చిన తరువాతనే దానిని ప్రారంభించాలి. ఈ క్రమం తారుమారైతే ప్రమాదం.

థైరాయిడ్, బీజ గ్రంథుల పని కొందరిలో తిరిగి కుదుటపడుతుంది. కార్టిసాల్ లోపం మాత్రం సాధారణంగా జీవితాంతం మిగిలిపోతుంది. కనుక హైడ్రోకార్టిసోన్ మాత్రలను ఒక్కసారిగా మానరాదు. జ్వరం వచ్చినప్పుడు మోతాదు ఎంత పెంచాలో వైద్యుని ముందుగానే అడిగి తెలుసుకోవాలి. తనకు ఈ లోపం ఉన్నదని తెలిపే చీటీని రోగి ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

ఇందుకు భయపడి చికిత్సనే వదులుకోనక్కరలేదు. లోపించిన హార్మోనును సమకూరిస్తే, చాలామంది క్యాన్సర్ చికిత్సను కొనసాగించగలుగుతారు. కావలసిందల్లా ఆ నీరసాన్ని సకాలంలో వైద్యుని చెవిన వేయడమే.