ఇంటి ఫొటోలకు ఏ లెన్స్?
విజయవాడలో కొత్తగా డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నవాళ్లకి ఎవరైనా ముందు చెప్పేది 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సే. ధర తక్కువ, ముఖాలు అందంగా వస్తాయి, నిజమే. కానీ నికాన్ డీఎక్స్ సెన్సర్ మీద అది 75 ఎంఎంలా చూస్తుంది. వన్‌టౌన్ ఇరుకు వాటాలో అన్నప్రాసన జరుగుతుంటే పాపాయితో పాటు అమ్మమ్మ, మేనమామ ఫ్రేములో పట్టాలంటే ఫొటో తీసేవాళ్లు వెనక్కి జరగాలి. వెనక గోడ ఉంటుంది! ఇంటి వాడకానికి 2011లో నికాన్ తెచ్చిన 40 ఎంఎం ఎఫ్2.8 మైక్రో ఎంతో మేలు. మనుషుల్నీ తీస్తుంది, 16.3 సెంటీమీటర్ల దూరం దాకా ఫోకస్ కూడా చేస్తుంది. తెల్ల పొణికి కర్రతో చెక్కిన కొండపల్లి అంబారీ ఏనుగు మీద కుంచె గీసిన సన్నటి గీతలు విడివిడిగా కనబడతాయి. ఎఫ్1.8తో పోలిస్తే దీనిలోకి వచ్చే వెలుతురు సగం కూడా ఉండదు కాబట్టి రాత్రిపూట ఐఎస్‌ఓ పెంచక తప్పదు. ఆ కాస్త గ్రెయిన్‌కి భయపడనక్కర్లేదు. మరీ దగ్గరికి వెళితే లెన్స్ నీడ బొమ్మ మీద పడుతుంది, అప్పుడు బొమ్మని కిటికీ పక్కకి జరుపుకోవాలి. ఏపీఎస్-సీ కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్లకైతే 2017లో వచ్చిన 35 ఎంఎం మాక్రో ఉంది; నీడ బెడద లేకుండా దాని మూతి దగ్గరే చిన్న ఎల్‌ఈడీ దీపాలు అమర్చారు.