దారి కూడా డ్యూటీలోదే

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో పనులు పది నుంచి ఐదు వేళలకు నడిచేవి కావు. కోచింగ్ విద్యార్థుల హాస్టల్లో పొద్దున్నే టిఫిన్ అందాలంటే వంటమనిషి తెల్లవారకముందే చేరాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో సెకండ్ షో వదిలితే గానీ ఊడ్చేవాళ్ల పని తెమలదు. 2020 ఫిబ్రవరి నుంచి ఈ దారిలో మెట్రో ఉన్నా, ఆ వేళల్లో రైలుండదు. అలా పనికి వెళ్తూ బండి జారి కాలు విరిగితే, యజమాని పెట్టిన వేళకే ఆ మనిషి రోడ్డెక్కాడు కనుక నష్టంలో యజమానికీ వాటా ఉండాలి.

చట్టం ఈ మాట ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1923 నాటి పరిహార చట్టం ఉద్యోగం వల్ల, ఉద్యోగ సమయంలో జరిగిన ప్రమాదాన్నే లెక్కలోకి తీసుకుంది. ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో సైకిల్‌ను లారీ గుద్దిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈఎస్ఐ కార్మికుడికి కాదంది. 2010లో ఈఎస్ఐ చట్టాన్ని సవరించి రాకపోకల ప్రమాదాలను చేర్చారు. అయితే ఈఎస్ఐకి నెల జీతం 21,000 దాటకూడదు, సంస్థలో సాధారణంగా పదిమంది ఉండాలి. నలుగురితో నడిచే జిరాక్స్ షాపు అందులోకి రాదు. 2025 జులైలో సుప్రీంకోర్టు 1923 చట్టానికీ అదే అర్థం చెప్పింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి మోటార్‌సైకిల్‌పై వెళ్తూ 2003లో చనిపోయిన కేసు అది. ఆ కుటుంబం ఇరవై రెండేళ్లు ఎదురుచూసింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఇదే సూత్రాన్ని రాసుకుంది.

రోడ్డు మాది కాదు, గుంత మేం తవ్వలేదు, మేమెందుకు కట్టాలి అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తెల్లవారుజామున బయల్దేరమన్నది వాళ్లే, ఆ పనితో వచ్చే లాభమూ వాళ్లదే. పైగా చట్టం ప్రతి ప్రమాదాన్నీ వాళ్ల నెత్తిన వేయలేదు. సమయం, చోటు, పరిస్థితి ఉద్యోగంతో ముడిపడ్డాయని తేలాలి. డ్యూటీ దిగి స్నేహితుడింటికి విందుకు వెళ్తూ పడితే ఆ ముడి తెగుతుంది. వాహన బీమా ఉందిగా అనే వాదన మరీ పలచన. అవతలి బండి గుద్దితేనే దాని బీమా కదులుతుంది. గుద్ది పారిపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. వాన నీళ్లలో తనంతట తాను జారిపడ్డవాడికి అదీ లేదు.

అసలు చిక్కు రుజువు దగ్గరుంది. చేతికి జీతం, నోటిమాటతో కొలువు, హాజరు పుస్తకం ఉండదు. ఐదు గంటలకు రమ్మన్నది ఎవరో పరిహారం తేల్చే అధికారి ముందు చూపేదెట్లా? దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించని పరిస్థితి ఇది. కార్మిక శాఖ చిన్న దుకాణాల్లో తనిఖీకి వెళ్లినప్పుడు పనివేళల కాగితం ముందు అడగాలి. ఈ వీధుల్లో హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు నడిపేవారు అందాకా ఆగనక్కర్లేదు. పనిలో పెట్టుకునేటప్పుడే పేరు, చిరునామా, డ్యూటీ వేళలు ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి మనిషి చేతికివ్వండి.