ఎగువ నీతి, దిగువ నీతి

2023 నవంబరు 30 తెల్లవారేసరికి, తెలంగాణ ఓటర్లు పోలింగ్ కేంద్రాలకు బయలుదేరుతున్న వేళ, నాగార్జునసాగర్ డ్యామ్ మీద ముళ్లకంచె వెలిసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు రాత్రికి రాత్రే వచ్చి, 26 గేట్లలో సగాన్ని తమ అధీనంలోకి తీసుకున్నారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. మర్నాడు కేంద్ర హోం శాఖ కార్యదర్శి ఇరువైపుల అధికారులతో మాట్లాడారు. నవంబరు 28 నాటి స్థితికి వెళ్లాలని తేల్చారు, డ్యామ్ కాపలా సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించారు. కృష్ణా తగవు తీరలేదు గానీ, ఆ పూటకు గండం గడిచింది.

భారత్, పాకిస్థాన్‌ల మధ్య చీనాబ్ నది మీద ఇదే తగవు వస్తే పిలవడానికి సీఆర్‌పీఎఫ్ లేదు. అంతర్జాతీయ సంబంధాల్లో వాస్తవికవాదం పుట్టేది ఈ లోటు నుంచే. దేశాల పైన మరో ప్రభుత్వం లేదు కాబట్టి ఎవరి రక్షణ వారే చూసుకోవాలని, ఇవాళ్టి మాట రేపు నిలుస్తుందన్న పూచీ ఎవరూ ఇవ్వలేరని 1979లో కెనెత్ వాల్ట్జ్ వాదించారు. ఐదేళ్ల తర్వాత, ఉదారవాద శిబిరం నుంచి రాబర్ట్ కొహేన్ దీనికి బదులిచ్చారు. పైన పెద్దదిక్కు లేకున్నా దేశాలు సహకరించుకోగలవు. నియమాలు, సమాచార మార్పిడి, తరచూ కలుసుకునే వేదికలు ఉంటే అనుమానం తగ్గుతుంది, మాట తప్పడం ఖరీదైన పని అవుతుంది. ఈ రెండు వాదాలకూ సింధూ జలాల ఒప్పందం కంటే కఠినమైన పరీక్ష దొరకదు.

కథ 1948 ఏప్రిల్ 1న మొదలైంది. విభజన తర్వాత కుదిరిన తాత్కాలిక ఏర్పాటు గడువు ముందురోజే ముగిసింది. తూర్పు పంజాబ్ ప్రభుత్వం పాకిస్థాన్‌కు వెళ్లే కాలువలకు నీళ్లు కట్టేసింది. నెల తిరిగాక, మే 4న, ఢిల్లీలో కుదిరిన ఒప్పందంతో నీళ్లు కదిలాయి. ఎగువన ఉన్నవాడు చేయి బిగిస్తే ఏమవుతుందో పాకిస్థాన్‌కు అప్పుడే అర్థమైంది. ఆ భయం నేటికీ వదల్లేదు.

అమెరికా టెన్నెస్సీ లోయ సంస్థకు అంతకుముందు అధిపతిగా పనిచేసిన డేవిడ్ లిలియంథాల్ 1951లో ఉపఖండంలో పర్యటించి, సింధూ పరీవాహకాన్నంతా ఒకే వ్యవస్థగా ఇరు దేశాలూ కలిసి అభివృద్ధి చేసుకోవాలన్నారు. అచ్చమైన ఉదారవాద ఆలోచన అది. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ దాన్ని అందుకుని మధ్యవర్తిత్వానికి దిగారు. తొమ్మిదేళ్ల బేరం తర్వాత, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన పత్రంలో ఆ కలిసి చేసుకునే అభివృద్ధి లేదు. నదులను పంచేశారు. రావి, బియాస్, సట్లెజ్ భారత్‌కు; సింధు, జీలం, చీనాబ్ పాకిస్థాన్‌కు. పాకిస్థాన్ కొత్త కాలువలు తవ్వుకోవడానికి భారత్ సుమారు 6.2 కోట్ల పౌండ్లు పది వార్షిక వాయిదాల్లో ఇవ్వడానికి ఒప్పుకుంది. సహకారానికి ప్రతీకగా ప్రపంచం మెచ్చుకున్న ఈ ఒప్పందం నిజానికి వేరుపడిన అన్నదమ్ముల పంపకం.

అది 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకున్నది అందుకే. తూర్పు నదుల విషయంలో ఒకరినొకరు నమ్మాల్సిన అవసరం పెద్దగా లేకుండా పోయింది. నమ్మకం కావాల్సి వచ్చింది పశ్చిమ నదుల దగ్గరే. అక్కడ నీరు పాకిస్థాన్‌ది, ఎగువ భూమి భారత్‌ది. నీటిని ఆపకుండా కరెంటు ఉత్పత్తి చేసుకునే హక్కు భారత్‌కు ఉంది. ఆ ప్రాజెక్టుల నమూనా మీద అభ్యంతరం చెప్పే హక్కు పాకిస్థాన్‌కు ఉంది. సలాల్, బగ్లిహార్, కిషన్‌గంగ, రాట్లే గొడవలన్నీ అక్కడ పుట్టినవే.

చీనాబ్ మీది సలాల్ డ్యామ్ చరిత్ర తెలుసుకోదగ్గది. 1978 ఏప్రిల్‌లో విదేశాంగ మంత్రి వాజ్‌పేయి పాకిస్థాన్‌తో సంతకం చేసిన ఒప్పందంలో డ్యామ్ ఎత్తు తగ్గించడానికి భారత్ అంగీకరించింది. ఒండ్రు బయటకు పోవడానికి అడుగున పెట్టిన తూములను కాంక్రీటుతో మూసేశారు. జలాశయం పూడికతో నిండిపోయింది. ఇచ్చిపుచ్చుకునే ధోరణి ఫలితం ఇదేనా అని జమ్ముకశ్మీర్ నేతలు అడిగితే తప్పుపట్టలేం. మరోవైపు, బగ్లిహార్ వివాదాన్ని 2007లో స్విస్ ఇంజినీరు రేమండ్ లఫిట్ తేల్చారు. పాకిస్థాన్ అసంతృప్తితోనే అయినా ఒప్పుకుంది. తగవు సైనికాధికారుల దాకా పోకుండా ఇంజినీర్ల బల్ల దగ్గరే ఉంచడం చిన్న విజయం కాదు. వాల్ట్జ్ సిద్ధాంతం దీన్ని వివరించలేదు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మర్నాడే భారత్ ఒప్పందాన్ని నిలిపివేసింది. మే మొదటి వారంలో బగ్లిహార్, సలాల్ జలాశయాల్లో పూడిక కడిగేశారు. దిగువన పాకిస్థాన్‌లోని మారాల దగ్గర చీనాబ్ ప్రవాహం ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ పెరిగింది. కిషన్‌గంగ, రాట్లే గొడవలను చూస్తున్న మధ్యవర్తిత్వ న్యాయస్థానం జూన్‌లో తన విచారణ కొనసాగుతుందంది. ఆ న్యాయస్థానాన్నే తాము గుర్తించడం లేదని భారత్ బదులిచ్చింది. చివరికి మాట నెగ్గేది బలమున్న చోటేనని వాస్తవికవాదులు చెప్పుకోవడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అయితే బలాన్ని లెక్కించడం కూడా వాస్తవికవాదమే చెప్పింది. పశ్చిమ నదుల మీద నిల్వ చేసుకోవడానికి ఒప్పందం భారత్‌కు ఇచ్చిన పరిమితి సుమారు 157 టీఎంసీలు, అంటే నాగార్జునసాగర్ పూర్తి సామర్థ్యంలో సగం. ఆ నదుల్లో ఏటా పారే నీరు 5,900 టీఎంసీల దాకా ఉంటుంది. అనుమతించిన ఆ కాస్త నిల్వనైనా భారత్ పూర్తిగా కట్టుకోలేదు. ఇరుకైన కొండ లోయల్లో పెద్ద జలాశయాలకు చోటు తక్కువ, కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఈ స్థితిలో చుక్క నీరు పోనివ్వబోమనే ప్రకటనలు ప్రజలను తప్పుదారి పట్టిస్తాయి. వేళకాని వేళ నీరు ఆపి వదలడం, ప్రవాహ సమాచారం ఇవ్వకపోవడం మాత్రం ఇప్పుడే చేయగలం. దాని దెబ్బ ముందుగా తగిలేది పాకిస్థాన్ పంజాబ్ రైతుకు, రావల్పిండి జనరల్‌కు కాదు.

ఇక తూర్పున భారత్ ఉన్నది దిగువన. 2017లో డోక్లాం ప్రతిష్టంభన నడుస్తున్న వానాకాలంలో బ్రహ్మపుత్ర ప్రవాహ వివరాలు చైనా నుంచి రాలేదు. 2025 జులైలో చైనా ప్రధాని లీ చియాంగ్ టిబెట్‌లో అదే నది మీద 60,000 మెగావాట్ల సామర్థ్యం ఉంటుందంటున్న జలవిద్యుత్ ప్రాజెక్టు పనులను ప్రారంభించారు. చైనాతో భారత్‌కు నీటి పంపకం ఒప్పందమే లేదు. దిగువ దేశాల ప్రయోజనాలు దెబ్బతినకుండా చూడాలని ఢిల్లీ ఆ ఏడాది జనవరిలో బీజింగ్‌ను కోరింది. న్యాయమైన కోరికే. కానీ చీనాబ్ దగ్గర ఎగువవాడి ఇష్టమే నియమం అంటే, అరుణాచల్ దగ్గర ఆ కోరికకు బలం ఎక్కడిది?

అందుకని ఒప్పందాన్ని చెత్తబుట్టలో వేయాలన్న వాదన వాస్తవికవాదం పేరు పెట్టుకున్న తొందరపాటు మాత్రమే. ఆ సిద్ధాంతానికి ఆద్యుల్లో ఒకరైన హాన్స్ మోర్గెంథావ్ వివేకాన్ని రాజనీతిలో మొదటి గుణంగా ఎంచారు, వియత్నాం యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1960 నాటి నమూనా షరతులు పాతబడ్డాయి, పూడిక సమస్యకు వాటిలో జవాబు లేదు. ఉగ్రవాదానికి ఇస్లామాబాద్ మూల్యం చెల్లించాల్సిందే. నిలిపివేతను పట్టుగా వాడుకుని కొత్త షరతులు రాబట్టుకోవాలి. ఉభయుల అంగీకారంతో సవరించుకునే వీలు పన్నెండో అధికరణంలోనే ఉంది.

ఈ పరీక్ష సింధు దగ్గరే ఆగదు. 1996 డిసెంబరు 12న బంగ్లాదేశ్‌తో 30 ఏళ్లకు కుదిరిన గంగా జలాల ఒప్పందం గడువు 2026 డిసెంబరులో తీరుతుంది. అక్కడ కూడా భారత్ ఎగువ దేశమే. ఫరక్కా దగ్గర వేసవి నీటిని ఎలా పంచుతుందో ఢాకాతో పాటు బీజింగ్ కూడా చూస్తుంది.