సారపాక దారిలో బస్సు పేరు

బస్సు ప్రక్కన వ్రాసిన అక్షరములు మారినంతమాత్రమున ప్రయాణికునకు కలుగు లాభనష్టము లేమి? 2024 మే నెలలో తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ టి.ఎస్.ఆర్.టి.సి. అను పొట్టిపేరును విడిచి టి.జి.ఎస్.ఆర్.టి.సి. అయినది. సారపాకలో బస్సెక్కువారికి దానివలన కష్టమును లేదు, సుఖమును లేదు. పేరు మారినందున టిక్కెట్టు ధర మారలేదు. అయినను పేరు మార్పు లన్నియు ఇంత తేలికగా పోవునని తలచరాదు.

1932లో నిజాం స్టేటు రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినపుడు సారపాక నిజాం రాజ్యములోనిది. గోదావరి ఆవలి ఒడ్డున నున్న భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది. నదియే సరిహద్దు. 1956లో ఆ సరిహద్దు చెరిగినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. 1959లో భద్రాచలము ఖమ్మం జిల్లాలో చేరినది. 1965లో వంతెన వచ్చినది. అటుపిమ్మట ఏబదియేండ్లు వంతెన దాటు ప్రభుత్వ బస్సు ఎవరిదని అడుగవలసిన పని లేకపోయెను. ఈ ప్రాంతమునకు బస్సే దిక్కు. భద్రాచలం రోడ్ అను రైలుస్టేషను ఉన్నది గాని, అది కొత్తగూడెములో నున్నది! ఆ పేరు నమ్మి దిగిన కొత్త యాత్రికుడు ఇంకను నలుబది కిలోమీటర్లు బస్సులో రావలెను.

2014లో పోలవరం ముంపు నిమిత్తము ఏడు మండలములలోని గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. సారపాకయు, భద్రాచలము పట్టణమును తెలంగాణలోనే నిలిచినవి. పట్టణమును ఆనుకొనియున్న ఎటపాక మొదలగు గ్రామములు ఆవల చేరినవి. 2015లో రవాణా సంస్థయు రెండైనది. ఇపుడు భద్రాచలము నుండి దుమ్ముగూడెము, చర్ల పోవు దారి ఆంధ్ర గ్రామముల మీదుగా సాగి మరల తెలంగాణలో ప్రవేశించును. నదివద్ద చెరిగిన గీత ఊరి పొలిమేరలో వెలసినది.

గీత యొక్క బరువు 2023 డిసెంబరు 9 తరువాత తెలిసివచ్చినది. నాటి నుండి తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితము. సారపాక బాలిక గుర్తింపుకార్డు చూపి జీరో టిక్కెట్టుతో భద్రాచలము పోవును. ఎటపాక బాలికకు అదే పట్టణములో పని. కాని ఆమె కార్డు ఆంధ్రప్రదేశ్‌ది గనుక తెలంగాణ బస్సులో పైకము చెల్లింపవలెను. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోను స్త్రీశక్తి పథకము వచ్చినది. అయితే నాడు ప్రకటించిన నియమములలో అంతర్రాష్ట్ర సర్వీసులు చేరలేదు. ఆమె దారి ఎంత చిన్నదైనను అంతర్రాష్ట్రమే కదా!

బస్సు నెత్తిన నుండు బోర్డుకును ఇట్టి బలమే కలదు. పల్లెవెలుగు స్థానమున ఎక్స్‌ప్రెస్ బోర్డు కట్టిన మరునాడే చిన్న ఊళ్లలో ఆ బస్సు ఆగుట మానును. సూపర్ లగ్జరీ అయినచో స్త్రీలకును ఛార్జీ తప్పదు. రంగు వేసిన వార్త పత్రికలకు ఎక్కును. ఆగని ఊరి వార్త ఎక్కదు.

2020లో కరోనా కాలమున ఆగిన అంతర్రాష్ట్ర బస్సులు, రాష్ట్రములోపలి బస్సులు తిరుగనారంభించిన పిమ్మట కూడ నెలల తరబడి కదలలేదు. ఎవరి బస్సు ఎవరి నేలపై ఎన్ని కిలోమీటర్లు నడువవలెనన్న తగవే అందులకు కారణము. నవంబరు 2న ఒడంబడిక కుదిరినది: తెలంగాణలో ఆంధ్ర బస్సులకు 1,60,999 కిలోమీటర్లు, ఆంధ్రలో తెలంగాణ బస్సులకు 1,61,258. కిలోమీటర్లను అంత నికరముగా పంచుకొన్న సంస్థలు, ఎటపాక, భద్రాచలముల నడుమ నున్న కొద్దిపాటి దారిని లోకలు ప్రయాణముగా లెక్కించి, ఏ రాష్ట్రపు కార్డునైనను అంగీకరించుట అసాధ్యము కాదు. దానికి బస్సుపై ఒక్క అక్షరమైనను మార్చనక్కరలేదు.